గ్యారేజీలో మడి

శశికళకి తుపాకి ఉందని మా వీధిలో మొదట తెలిసింది నాకే. పక్కిల్లు కదా. ఒక శనివారం పొద్దున డ్రైవ్‌వేలో నిలబడి పొడుగాటి నల్ల పెట్టె ఒకటి కారులోకి ఎక్కిస్తుంటే, వయొలిన్ నేర్చుకుంటున్నావా అని అడిగాను. "రైఫిల్," అంది, సంచీలో సొరకాయ ఉందని చెప్పినంత మామూలుగా.

నాకు తుపాకులంటే పడదు. ఇప్పటికీ పడదు. ఈ దేశంలో రోజూ టీవీలో చూసేది చూశాక, పడకపోవడానికి వేరే కారణం అక్కర్లేదు. ఆ మాట శశికళ మొహం మీదే అన్నాను. ఆమె వాదించలేదు, సంజాయిషీ ఇవ్వలేదు. "నీకు పడకపోతే నువ్వు రాకు మీనా. నాకు పడింది, నేను వెళ్తున్నా," అని కారెక్కింది. నాకు ఒళ్ళు మండింది. కానీ నిజం చెప్పొద్దూ, అలా అనగలిగిన ఆడదాన్ని మా ఊరు ఫ్రిస్కోలో అదే మొదటిసారి చూడటం. మేమంతా ఏది చేసినా, పిల్లల కోసమనో హెల్త్ కోసమనో ఒక సాకు తగిలిస్తాం. తనకి ఇష్టమై చేస్తున్నానని ఒక్కరం ఒప్పుకోం.

శశికళకి యాభై దాటాయి. పళ్ళ డాక్టర్ ఆఫీసులో ఫ్రంట్ డెస్క్ ఉద్యోగం. పెళ్ళి చేసుకుని రామమోహన్ వెనకాల ఈ దేశం వచ్చినప్పుడు ఆమె వీసా కాగితాల్లో ఉన్న మాట డిపెండెంట్. అది చాలా ఏళ్ళు ఆమెని వదల్లేదు. బ్యాంకుకి వెళ్తే డిపెండెంట్, ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేస్తే డిపెండెంట్. ఎంత చదివినా ఉద్యోగం చేయడానికి వీల్లేదు. గ్రీన్ కార్డ్ వచ్చి, కూతురు మైత్రి పెద్దదై శాన్ రామన్‌లో ఉద్యోగానికి వెళ్ళిపోయాక కూడా ఆ మాట వింటే శశికళ ముక్కుపుటాలు అదురుతాయి.

తుపాకి సంగతి ఎలా మొదలైందో ఆమే చెప్పింది. రామమోహన్ ఆఫీసులో ఎవరో వీళ్ళిద్దర్నీ సరదాగా షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళారట. మొదట రామమోహన్ కాల్చాడు. భుజం కమిలి నీలంగా అయ్యేసరికి, ఈ జన్మకి చాలని లేచిపోయాడు. తరవాత ఈవిడ చాప మీద బోర్లా పడుకుని, కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టింది. "ఆ ఒక్క క్షణం నన్నెవరూ ఏమీ అడగరు మీనా. కూర ఏం చేశావని అడగరు, మైత్రికి సంబంధాలు చూస్తున్నారా అని అడగరు. ఆ కాగితం, నేను, అంతే," అంది నాతో. ఆ మాట విన్నాక తుపాకి మీద నా కోపం తగ్గలేదు కానీ ఆమె మీద తగ్గింది.

తుపాకుల దుకాణంలో కౌంటర్ దగ్గరున్నవాడు రైఫిల్ గురించి అంతా రామమోహన్‌కే వివరిస్తున్నాడట. అడిగేది ఈవిడ, జవాబు చెప్పేది ఆయనకి. కాసేపు చూసి, "ఆయనకి చెప్పి లాభం లేదు. హీ ఈజ్ మై డిపెండెంట్," అందిట. రామమోహన్ ఆ కథ పార్టీల్లో తనే చెప్పి నవ్వుతాడు. మంచివాడే, పాపం. మంచితనంతో పాటు గోడ మీద పిల్లి వాటం కూడా పుట్టుకతో వచ్చింది.

కొన్నాళ్ళకి శశికళ తూటాలు కూడా సొంతంగా తయారుచేసుకోవడం మొదలుపెట్టింది. బజారు తూటాలు రెడీమేడ్ జాకెట్ల లాంటివట, అందరికీ పడతాయి, ఎవరికీ సరిగ్గా కుదరవు. తూటా పేలితే ముందున్న గుండు ఎగిరిపోతుంది, వెనకున్న ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాన్ని పారేయకుండా శుభ్రం చేసి, మళ్ళీ కొలతకి తెచ్చి, మళ్ళీ మందు కూరి వాడతారు. ఆ పనిని రీలోడింగ్ అంటారు, ఆ గొట్టాలని బ్రాస్ అంటారు. అయితే పేలిన ప్రతిసారీ ఇత్తడి సాగుతుంది. సాగిన కొద్దీ అడుగు దగ్గర లోపల పలచబడుతుంది. బయటికి ఏమీ తెలియదు. ఒకరోజు అది తుపాకిలోనే రెండుగా తెగి, వెనక్కి చిమ్మిన వేడి మొహానికి తగలొచ్చు. కన్ను ఆనించి ఉండేది అక్కడే.

అందుకని ఏ గొట్టం ఎన్నిసార్లు పేలిందో గుర్తుండాలి. మగవాళ్ళు దానికి ప్లాస్టిక్ పెట్టెలు కొనుక్కుంటారట. శశికళ గ్యారేజీలో అలమర మీద ఖాళీ పచ్చడి సీసాలు వరసగా పెట్టి, తెలుగులో కాగితాలు అంటించింది. ఒకటో తరగతి, రెండో తరగతి, అలా ఐదు దాకా. కలిసి కాలినవన్నీ కలిసే పై తరగతికి వెళ్తాయి. పేలినప్పుడల్లా ప్రతి గొట్టం అడుగునా స్కెచ్ పెన్‌తో ఒక గీత. ఒక్కటి వేరేదానిలో కలిసినా ఆ తరగతి మొత్తం అనుమానమే. "ఐదు పాసయితే చదువు మాన్పించేస్తా," అనేది. ఆ సీసాలు ఎవరూ ముట్టుకోకూడదు. రామమోహన్ బల్బు మార్చాలన్నా ఆమెని అడిగి గ్యారేజీలో నిచ్చెన వేసేవాడు.

ఊరికి ఉత్తరాన, ఇళ్ళు ఆగిపోయి పశువుల మేత భూములు మొదలయ్యే చోట శశికళ వెళ్ళే షూటింగ్ క్లబ్బు ఉంది. ఆ క్లబ్బుకి నలుగురి టీమ్ ఒకటి ఉంది. అందులో చోటు కోసం శశికళ చాలాకాలం అడిగింది. కెప్టెన్ పేరు రాండీ. మర్యాదస్తుడు, మేడమ్ అనకుండా మాట్లాడడు, కానీ ప్రతి ఏడూ ఏదో ఒక కారణం దొరికేది. చివరికి ఆ ఆగస్టు పోటీకి నాలుగో మనిషిగా ఆమె పేరు రాశాడు. ఆ రోజు మా ఇంటికొచ్చి చెప్పి, నేనిచ్చిన కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది. అంత సంతోషంలో ఆమెని నేను మళ్ళీ చూడలేదు.

పోటీ ఇంకా వారం ఉందనగా శుక్రవారం వరలక్ష్మీ వ్రతం వచ్చింది. పూజ దగ్గరుండి చేయిస్తానని రామమోహన్ అక్క పద్మగారు న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరో నుంచి వచ్చారు. ఆవిడ మడి మనిషి. శశికళ ఈ దేశం వచ్చిన కొత్తలో కొన్ని నెలలు వాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే ఉందట. ఒకరోజు స్నానం చెయ్యకుండా అన్నం గిన్నె ముట్టుకుందని పద్మగారు ఉడికిన అన్నం ఉడికినట్టే పారబోసి మళ్ళీ వండారట. "ఇది ఛాదస్తం," అని శశికళ ఆ పూట అన్నం మానేసింది. రెండు కొప్పులు ఒకచోట ఇమడవని ఊరికే అనలేదు. తరవాత ఇద్దరూ సర్దుకున్నారు కానీ ఒకరి వంటింట్లోకి ఒకరు అడిగి వెళ్ళేవారు.

ఇంకో సంగతి చెప్పాలి. తుపాకి గురించి పద్మగారికి తెలియదు. శశికళ దాచలేదు, రామమోహన్ దాచాడు. "అక్కా, శశి వీకెండ్ క్లబ్‌కి వెళ్తుంది," అని ఊరుకున్నాడు. ఏ క్లబ్బో అక్క అడగలేదు, తమ్ముడు చెప్పలేదు.

శుక్రవారం పొద్దున శశికళ, మధ్యాహ్నం నుంచే సెలవు దొరకడంతో, ఆఫీసుకి వెళ్ళింది. పూజ ఇత్తడి సామాను అట్టపెట్టెల్లో ఉందని పద్మగారు గ్యారేజీలోకి వెళ్ళారు. మూలన తుపాకి ఉండే ఇనప పెట్టె చూసి నగల బీరువా అనుకున్నారు. అలమర మీద సీసాల్లో కిలుం పట్టిన చిన్నచిన్న ఇత్తడి గొట్టాలు కనిపించాయి. మూడో తరగతి, నాలుగో తరగతి అని కాగితాలు ఉన్నాయి కాబట్టి, మైత్రి చిన్నప్పుడు స్కూల్లో చేసిన ప్రాజెక్టేదో అయి ఉంటుందని అర్థం చేసుకున్నారు. పండగ పూట ఇంట్లో ఇత్తడి నల్లగా ఉంటే ఆవిడ చెయ్యి ఊరుకోదు. సీసాలన్నీ ఒక పెద్ద బేసిన్‌లో బోర్లించి, చింతపండు, ఉప్పు పెట్టి, స్టీలు పీచుతో ఒక్కొక్కటీ అడుగున గీతలు కూడా పోయేలా తోమారు. కడిగి, తుండు మీద పోసి పెరట్లో ఎండలో ఆరబెట్టారు. అప్పుడు వాటిని చూసి ఆవిడకే ముచ్చటేసింది.

సాయంత్రం నేను పేరంటానికి వెళ్ళేసరికి అమ్మవారి కలశం చుట్టూ ఆ గొట్టాలు వరసలు తీరి నిలబడి ఉన్నాయి. పచ్చగా మెరుస్తున్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో చిన్న పువ్వు గుచ్చి ఉంది. వచ్చిన ఆడవాళ్ళంతా ఫోటోలు తీసుకుంటున్నారు. "ఎంత క్యూట్‌గా ఉన్నాయండీ, ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశారా?" అని ఒకావిడ పద్మగారిని అడుగుతోంది. నాకు అవేమిటో తెలుసు. శశికళ వైపు చూశాను. పట్టుచీర కట్టుకుని, తాంబూలాల పళ్ళెం పట్టుకుని నిలబడింది. మొహంలో రక్తం లేదు. అందరికీ బొట్టు పెట్టింది, శనగలిచ్చింది, పాట పాడమంటే పాడింది కూడా. ఏడ్చినా బావుండునని నాకనిపించింది.

వాకిట్లో చెప్పులేసుకుంటుంటే నా దగ్గరికొచ్చి, "రేపు పొద్దున రా. వదినతో చెప్పాలి. మోహన్ అడ్డం పడతాడు. నాకొక మనిషి కావాలి," అంది. తుపాకి విషయంలో ఆమె నన్ను పిలవడం అదే మొదటిసారి. వెళ్ళకుండా ఎలా ఉంటాను.

శనివారం పొద్దున కలశం కదిపి, ఉద్వాసన చెప్పి, పద్మగారు గొట్టాల్లోంచి వాడిన పూలు తీస్తున్నారు. రామమోహన్ గ్యారేజీ తలుపు దగ్గర భార్యని పట్టుకున్నాడు. నేను వెనకే ఉన్నాను.

"అక్కకి చెప్పకు శశీ. పెద్దది, బాధపడుతుంది. ఆ బ్రాస్‌కి ఏమైంది, కొత్తదానిలా ఉంది. రాండీకి ఫోటో పంపాను. లుక్స్ గ్రేట్, వాడుకోమన్నాడు."

"నన్నడక్కుండా రాండీకి ఎందుకు పంపావ్?"

"హెల్ప్ చేద్దామని."

"ఏది ఏ తరగతో చెప్పు మోహన్. చెప్తే వాడతా."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇంట్లో అక్కా, గ్యారేజీలో పెళ్ళామూ. రామమోహన్ మధ్యలో నిలబడి కళ్ళజోడు తుడుచుకున్నాడు. శశికళ ఆయన్ని తప్పుకోమని లోపలికి వెళ్ళి, పద్మగారి ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

"వదినా, ఇవి పూలు పెట్టుకునేవి కావు. తూటాలవి. నాకు రైఫిల్ ఉంది. నేను పోటీలకి వెళ్తాను."

పద్మగారి చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది. "తుపాకీయా? ఎవర్ని కొట్టడానికి?"

"కాగితాన్ని. ఒక్కోసారి ఇనప పలకని. జీవాన్ని ఎప్పుడూ కొట్టలేదు, కొట్టను."

"ఇది నాకు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

శశికళ భర్త వైపు చూడను కూడా లేదు. నేను మాత్రం చూశాను. అప్పుడు పద్మగారు కూడా చూశారు. రామమోహన్ కిటికీలోంచి లాన్ పరీక్షిస్తున్నాడు.

శశికళ అంతా చెప్పింది. తరగతులు, గీతలు, సాగడం, తెగడం, కన్ను. పద్మగారు వింటూ వింటూ ఒళ్ళోని గొట్టాలు మెల్లగా పళ్ళెంలో పెట్టేశారు. ఆవిడ మొహం చిన్నబోయింది. "తోమితే కూడా తప్పవుతుందని నాకేం తెలుసు? నిన్న రాగానే చెప్పాల్సింది."

"అమ్మవారి ముందు పెట్టారు. అందరూ కూర్చుని ఉన్నారు. ఏం చెప్పను?"

"అక్కా, నువ్వేం ఫీల్ అవకు," అని రామమోహన్ కిటికీ దగ్గర్నుంచే అన్నాడు. "ఏం కాలేదు. శుభ్రంగా ఉన్నాయిగా. వాడేస్తుంది."

"నువ్వుండరా," అన్నారు పద్మగారు. ఆవిడ గొంతు మారింది. "శుభ్రంగా ఉన్నాయా అని ఎవరడిగారు? మడి వంటలో చెయ్యి పడితే, ఆ చెయ్యి శుభ్రమైనదా అని చూస్తామా? పడిందా లేదా అన్నదే. పడితే పారబోసి మళ్ళీ వండుకోవాలి. పిల్లది అదే చెప్తోంది. దాని మడిలో నేను చెయ్యి పెట్టాను."

నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. శశికళ ఊరుకుందా, లేదు.

"మడి కాదు వదినా. ఇది కన్ను పోయే సంగతి. మీది ఛాదస్తం. అప్పుడన్నాను, ఇప్పుడూ అంటాను."

"అను. ఎన్నిసార్లు అన్నా నేను అన్నం పారబోయడం మానలేదు. నువ్వూ మానకు."

అంతటితో తెగేది. కానీ రామమోహన్ మళ్ళీ, "అన్నీ పాడైపోయి ఉండవు కదా, సగమైనా బావుంటాయి," అన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదే. అక్క మనసు నొప్పించకూడదు, భార్య చోటు పోకూడదు, తను ఎవరిచేతా మాట పడకూడదు. ఈ మూడో దాని కోసమే మగవాళ్ళు మొదటి రెండూ చెప్తారని నా అనుభవం.

శశికళ పళ్ళెం పద్మగారి ముందుకి జరిపింది. "వీటిల్లో మీకు బాగా నచ్చింది ఒకటి తియ్యండి."

పద్మగారు వెతికి వెతికి ఒకటి తీశారు. అన్నిటికన్నా మెరుస్తున్నది. నలుగురం గ్యారేజీలోకి వెళ్ళాం. శశికళ దాన్ని బల్లకి అమర్చిన వైస్‌లో బిగించి, చిన్న రంపంతో నిలువునా కోసింది. ఇత్తడి పొడి బల్ల మీద రాలింది. రెండు చెక్కలూ విడదీసి మా ముందు పెట్టింది. బయటి వైపు బంగారంలా ఉంది. లోపల అడుగు దగ్గర చుట్టూ ఒక నల్లటి గాడి ఉంది. అక్కడ గోడ ఉల్లిపొరంత మిగిలింది. గోరుతో నొక్కితే నొక్కుకుపోయేలా ఉంది.

"పైన పటారం, లోన లొటారం," అన్నారు పద్మగారు నెమ్మదిగా. ఆ ముక్కని తమ్ముడి చేతిలో పెట్టారు. "దీని మీద నీ పెళ్ళాం కన్ను ఆనిస్తుంది. వాడెయ్యమను, ఇప్పుడు అను."

రామమోహన్ దాన్ని చాలాసేపు చూశాడు. తరవాత, "సారీ శశీ," అన్నాడు. ఆయన అలా అనడం నేను మొదటిసారి విన్నాను. శశికళకి కూడా కొత్తే అనుకుంటాను.

పనికిరాని గొట్టాలని అలాగే పారేయకూడదట. ఎవరైనా ఏరుకుని మళ్ళీ వాడే ప్రమాదం ఉంది. అందుకని మూతులు నొక్కేయాలి. శశికళ పటకారు తీసుకుంది. పద్మగారు కొంగు దోపుకుని ఇంకో పటకారు అడిగారు. నిన్న ఒక్కొక్కటీ ముద్దుగా తోమిన చెయ్యే ఒక్కొక్కటీ నొక్కేస్తోంది. మధ్యలో ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు, పని మాత్రం ఆపలేదు. నేనూ కొన్ని నొక్కాను. గట్టిగానే ఉంటాయి, చేతులు నొప్పెట్టాయి. నొక్కుతున్నంతసేపూ నాకు కోపమే వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను. ఆవిడ మీద కాదు.

ఇక పోటీ సంగతి. ఆ సైజు కొత్త ఇత్తడి అప్పుడు ఏ దుకాణంలోనూ లేదు, ఆర్డర్ పెట్టినా ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. దొరికినవి బజారు తూటాలే. శశికళ అవే కొని, వారం మధ్యలో రాండీకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. శనివారం వచ్చెయ్యి, అక్కడ మాట్లాడదాం అన్నాడు.

పోటీ రోజు శనివారం కారులో నలుగురం వెళ్ళాం. పద్మగారు వస్తానంటే ఎవరూ కాదనలేదు. నేనెందుకు వెళ్ళానో నన్నడక్కండి. ఆవిడ నేత చీర మీద తెల్ల స్నీకర్స్ వేసుకున్నారు. రేంజ్‌లో చెవులకి పెట్టుకోమని పెద్ద డొప్పలిచ్చారు. ముడి మీదుగా పెట్టుకుని, మడత కుర్చీలో దర్జాగా కూర్చున్నారు. టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు అటూ ఇటూ పోతూ ఆవిడకి మేడమ్ అని తలలు వంచుతున్నారు.

రాండీ వచ్చాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ పెట్టె. తన తూటాలు.

"శశీ మేడమ్, ఆ బ్రాస్ ఫోటోలో చాలా బాగుంది, మీరు తొందరపడ్డారు. సరే, అయిందేదో అయింది. బజారు తూటాలతో టీమ్ స్కోర్ పడిపోతుంది. ఇవి తీసుకోండి, నేను లోడ్ చేసినవే."

"ఇంకొకళ్ళ లోడ్ ఎప్పుడూ కాల్చొద్దని క్లబ్‌లో బోర్డ్ ఉంది. రాసింది మీరే," అంది శశికళ.

"అది కొత్తవాళ్ళకి మేడమ్. మనం టీమ్."

"తూటా నేను కొత్తదాన్నా పాతదాన్నా అని చూసి పేలదు కదా."

రాండీ టోపీ తీసి తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు. నిజంగానే సాయం చేస్తున్నాననుకుంటున్నాడు, అదే చిక్కు. "ఇవి వాడితే టీమ్‌లో ఉంటారు. లేకపోతే నేను వేరేవాళ్ళని తీసుకోవాలి. మళ్ళీ చోటు ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేను," అన్నాడు.

రామమోహన్ వైపు నేను కళ్ళతోనే ఉరిమాను. అక్కర్లేకపోయింది. ఆయన జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. జేబులో ఆ కోసిన ముక్క ఉందని తరవాత చూశాను.

మాట్లాడింది పద్మగారు. చెవి డొప్ప ఒకటి పక్కకి జరిపి, కుర్చీలోంచి లేవకుండానే, న్యూజెర్సీ బస్సుల్లో నేర్చిన ఇంగ్లీషులో అన్నారు. "మిస్టర్, ఐ వాష్డ్. మై మిస్టేక్. షీ త్రూ ఎవ్రీథింగ్. మీ, హర్ సిస్టర్-ఇన్-లా, షీ డిడ్ నాట్ ఎక్స్‌క్యూజ్. యూ ఆర్ హూ?"

రాండీ ఆవిడ్ని చూశాడు, శశికళని చూశాడు.

"నా పేరు కొట్టేయండి. విడిగా కాలుస్తాను," అంది శశికళ. చెయ్యి సంచీ పట్టీని ఎంత బిగించిందో నేను చూశాను. ఎన్నాళ్ళో అడిగి తెచ్చుకున్న చోటు అది. ఒక్క మాటతో వదిలేసింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుపాకులంటే పడని నాకు.

రాండీ ఆమె పేరు కొట్టేసి ఎవరో కుర్రాడి పేరు రాసుకున్నాడు. రాండీ తూటాలు ఆ కుర్రాడి చేతిలో ఏ ఇబ్బందీ లేకుండా పేలాయి. టీమ్ రెండో స్థానంలో వచ్చింది. ఇది కూడా చెప్పాలి, లేకపోతే దేవుడు వెంటనే న్యాయం చేస్తాడని మీరనుకుంటారు.

శశికళ చివరి చాప మీద పడుకుంది. ఎండ అప్పటికే చురచురలాడుతోంది. బజారు తూటాలు ఆ రైఫిల్‌కి కుదరలేదు, గుండ్లు కాగితం మీద అటూ ఇటూ పడ్డాయి. పేరు కిందివాళ్ళలో వచ్చింది, అట్టడుగున మాత్రం కాదు. ప్రతిసారీ ఖాళీ గొట్టం తీసి, పక్కన పరిచిన గుడ్డ మీద వరసగా పెట్టింది. మొహంలో ఓడిన లక్షణమే లేదు. ఊపిరి బిగబట్టిన ప్రతిసారీ ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు.

కాల్పులు ఆగాయని చెప్పాక గుడ్డ మూటకట్టి నీడలోకి తెచ్చింది. పద్మగారు కుర్చీ అంచుకి జరిగారు. చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నారు.

"ముట్టుకోవచ్చా?"

"ఇవాళ ముట్టుకోండి. అన్నీ ఒక్కసారే పేలినవి, కలవడానికి ఇంకేం లేవు." సంచీలోంచి చిన్న మూడుపలకల ఆకురాయి తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "ఇక నుంచి స్కెచ్ పెన్ లేదు. అంచు మీద గాటు పెడతాను, పేలినప్పుడల్లా ఒకటి. మొదటి గాటు మీరు పెట్టండి."

పద్మగారు ఒక గొట్టం తీసుకుని వేళ్ళ మధ్య తిప్పి చూశారు. "నా చింతపండుకి పోదు కదా?"

"మీ చింతపండుకి కూడా పోదు."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, అంచు మీద ఆకురాయి ఆనించి రుద్దారు. సన్నటి గాటు పడింది. బొటనవేలితో తడిమి చూసి, శశికళ వెంట తెచ్చిన ఖాళీ పచ్చడి సీసాలో వేశారు. ఒకటో తరగతి అన్న పాత కాగితమే దాని మీద ఉంది. రామమోహన్ ఒక్కోటీ అందిస్తుంటే ఆవిడ గాట్లు పెడుతున్నారు.

రాండీ అటుగా వచ్చాడు. టీమ్ రెండో స్థానంలో వచ్చింది కాబట్టి మంచి హుషారు మీదున్నాడు. "మేడమ్, అక్టోబర్‌లో ఇంకో పోటీ ఉంది. అప్పటికి మీ బ్రాస్ రెడీ అయితే మళ్ళీ ఆలోచిస్తాను," అన్నాడు.

పద్మగారు తల ఎత్తకుండా తెలుగులోనే అన్నారు. "ఇప్పుడే ఒకటో తరగతిలో చేర్పించాం. చదువుకోనివ్వమను."

"ఆవిడేమంటున్నారు?" అని రాండీ శశికళని అడిగాడు.

"నేను రెడీ అయినప్పుడు నన్నే చెప్పమంటున్నారు. అప్పుడు మీ టీమ్ నాకు నచ్చితేనే చేరమంటున్నారు."

రాండీ సరే మేడమ్ అని వెళ్ళిపోయాడు.

"నేనన్నది అది కాదు కదే," అన్నారు పద్మగారు.

"మీరు అనాల్సింది అదే," అంది శశికళ.

పద్మగారు ఒప్పుకున్నట్టు తల ఊపి, తరవాతి గొట్టం కోసం తమ్ముడి ముందు చెయ్యి చాపారు.